ఆ సగం పేజీ

శనివారం ఆఖరి పీరియడ్‌లో పదో తరగతికి కథ చదివించడం ప్రేమలత టీచర్ పెట్టిన అలవాటు. ఒక్కటే ప్రతి ఉంటుంది. మొదటి బెంచీ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరు ఒక్కో పేరా చదివి, కాగితాలు పక్కవాళ్ళకు అందిస్తారు. ఎవరైనా తడబడితే నవ్వకూడదు. మధ్యలో ఆపకూడదు. ఆ పీరియడ్‌కు ఉన్న నియమాలు అవే.

ఆ శనివారం ఆమె తెచ్చిన కథ తనదే. వనపర్తిలో అచ్చవుతున్న ఒక సంకలనంలో వస్తోంది. తప్పులు దిద్ది పంపమని ఇచ్చిన ప్రూఫు కాగితాలవి. నిరుడు సీడ్ పత్తి పనికి పోయి, తిరిగొస్తుంటే ఆటో బోల్తా పడి చనిపోయిన ఒక అమ్మాయి గురించి రాసింది. ఊరి పేరు మార్చింది. ఆటోను ట్రాక్టర్ చేసింది. స్వరూప అన్న పేరు తీసి గౌరి అని పెట్టింది.

స్వరూప చెల్లెలు మనీషా మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చుని ఉంది.

ప్రేమలత ఆ సంగతి మరిచిపోలేదు. అందుకే ముందే చెప్పింది. "ఈ కథల ఒక చావు ఉంటది. వినబుద్ధి కానోళ్ళు బయటికి పోయి చెట్లకు నీళ్ళు పోయుండ్రి. నేనేమనుకోను." తరగతి అంతా కలయజూస్తూ, మూడో బెంచీ మీద మాత్రం చూపు నిలపకుండా చెప్పింది.

ఎవరూ లేవలేదు. మనీషా పెన్సిల్ చివర బెంచీకి ఆనించి కూర్చుంది. అంతమందిలోంచి ఒక్కతే లేచి బయటికి పోవడమంటే, ఆ చావు మా ఇంటిదే అని అందరికీ చెప్పి పోవడమే. అది ప్రేమలతకు అప్పుడు తట్టలేదు.

చదవడం మొదలైంది. ట్రాక్టర్ అన్న మాట రాగానే వెనక నుంచి ఒకడు, "ట్రాక్టర్ కాదుర, ఆటో," అని గొణిగాడు. పక్కవాడు వాడి కాలు తొక్కాడు. కాగితాలు రెండో బెంచీ దాటాయి. ప్రేమలత వేళ్ళ మీద పేరాలు లెక్క పెట్టుకుంది. రోడ్డు మీది సన్నివేశం, సగం పేజీ, నాలుగో బెంచీకి రావాలి. కానీ రెండో బెంచీ చివరి అమ్మాయి చిన్న పేరా అయిపోయిందని ఇంకొకటి కూడా ఉత్సాహంగా చదివేసింది.

దాంతో ఆ సగం పేజీ మనీషా వంతుకు వచ్చింది. మనీషా కాగితం తీసుకుంది. వరుస కింద వేలు పెట్టి చదివింది. ఒకచోట ఒక మాట తప్పు పలికి, మళ్ళీ సరిగ్గా పలికి ముందుకు పోయింది. గొంతు హెచ్చలేదు, తగ్గలేదు. పేజీ తిప్పి, మిగిలిన రెండు వరుసలూ చదివి, కాగితాలు పక్కనున్న అమ్మాయికి చాచింది. ఆ అమ్మాయి తీసుకోలేదు. చున్నీలో మొహం పెట్టుకుని ఏడుస్తోంది. వెనక బెంచీలో ఇంకొకరు మొదలుపెట్టారు. బెల్లు కొట్టారు.

పిల్లలు లేస్తుంటే ప్రేమలత మనీషా దగ్గరికి పోయింది. ఏదో ఒకటి అనాలి. "మంచిగ చదివినవ్," అంది.

"థాంక్యూ మేడం," అంది మనీషా.

సోమవారం హాజరు పిలుస్తుంటే మనీషా పేరు దగ్గర జవాబు రాలేదు.

"సీడ్ పత్తిల క్రాసింగ్ పనికి పోయింది మేడం," అంది పక్క బెంచీ అమ్మాయి. "ఇంక బడికి రాదంట."

"ఎందుకంట?"

"తెల్వదు మేడం. మేమైతే ఏమనలే. శనివారం బడి ఇడిసినంక అందరం ఓదార్చినం. నేను నా చాక్లెట్ గూడ ఇచ్చిన."

మధ్యాహ్నం అన్నాల గంటలో వనపర్తి నుంచి శ్రవణ్ కుమార్ ఫోన్ చేశాడు. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాడు, సంకలనం వేస్తున్నది ఆయనే. "మేడం, బుధవారం మధ్యాహ్నం లోపల కరెక్షన్లు పంపుండ్రి. సాయంత్రం ప్రెస్సుకు పోతది. ఇంకోటి జెప్పాలె. మీ కథల ఆ రోడ్డు మీది సగం పేజీ ఉన్నది చూడుండ్రి, గది చదివిన దినం నేను అన్నం తినలే. బుక్కు మొత్తంల గదే హైలైట్ మేడం."

శుక్రవారం విని ఉంటే ఈ మాటకు సంతోషించేది. ఆ సగం పేజీ కోసం ఆమె చాలా కష్టపడింది. పేపర్లో వచ్చిన ఫోటో చూసింది. అప్పట్లో ఫోన్లలో తిరిగిన వీడియోను ఆపి ఆపి చూసింది. ప్రతి మాటా తూచి పెట్టింది.

"పంపుత సార్," అని పెట్టేసి, టిఫిన్ డబ్బా మూత విప్పకుండానే మళ్ళీ సంచిలో పెట్టింది. హెడ్‌మాస్టర్ దగ్గర చివరి రెండు పీరియడ్లకు అనుమతి తీసుకుని, అయిజ రోడ్డు మీద, మనీషా వాళ్ళు పనికి పోయే చేను వైపు నడక మొదలుపెట్టింది.

విత్తనాల కోసం వేసే సీడ్ పత్తి చేను రోడ్డు నుంచే తెలుస్తుంది. మామూలు చేలో మధ్యాహ్నం ఎండకు మనుషులుండరు. ఇక్కడ సాలుకొకరు నడుం వంచి, మొహానికి గుడ్డ కట్టుకుని ఉంటారు. ప్రేమలత గట్టు దిగడం చూసి, విత్తనాల కంపెనీకి కూలీలను కుదిర్చే ఆర్గనైజర్ మనిషి భీమయ్య మోటార్‌సైకిల్ మీంచి లేచాడు. దువ్వి పెట్టిన పెద్ద మీసం.

"నమస్తే మేడం. బడి పిల్లలను మేము పన్ల వెట్టుకుంటలేము మేడం. ఆ పిల్ల వాళ్ళమ్మ ఎంబడి ఊకెనే వచ్చింది."

"ఊకెనే వచ్చిందంట!" చేలోంచి మనీషా తల్లి దేవమ్మ గొంతు వినిపించింది. "పొద్దుగాల బండి మీద ఎక్కించుకొచ్చిందెవరో?"

ఆడవాళ్ళు నవ్వారు. భీమయ్య ఫోన్ వచ్చినట్టు చెవికి పెట్టుకుని రోడ్డు వైపు పోయాడు. రాయచూరు దిక్కు నుంచి కోడలుగా వచ్చిన రేణుకమ్మ, తల మీది చుట్టకుదురు తీసి సాలు పక్కన వేసింది. "బా టీచరమ్మ, కూత్కో. ఎండల నిలవడితే కండ్లు తిరుగుతయ్."

ప్రేమలత దాని మీద కూర్చుంది. ఎదురుగా మనీషా. తల ఎత్తలేదు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఎంచి, ఎడమ చేత్తో పట్టుకుని, కుడి బొటనవేలి గోరుతో చుట్టూ చీల్చి, రేకులూ పుప్పొడి గొట్టమూ ఒక్కసారే లాగేసింది. మధ్యలో సన్నని తెల్లటి కాడ మిగిలింది. దానికి దెబ్బ తగలకూడదు. పక్కన ఎర్ర కాగితం ముక్క గుచ్చి గుర్తు పెట్టింది. రేపు పొద్దున మగ పూల సాలు నుంచి పువ్వు తెచ్చి ఆ కాడకు పుప్పొడి అంటిస్తారు. అప్పుడే విత్తనం పట్టేది.

"టీచరమ్మా," అంది దేవమ్మ, చేతులు ఆపకుండా. "నా బిడ్డ సావు రాసినవంట. మస్తు రాసినవంట గద. ఇంటిమీదికి వచ్చి మరీ జెప్పిపోతున్రు. ఒక్కొక్కరు ఎంత మెచ్చుకుంటున్రో!"

"అమ్మా, ఊకో," అంది మనీషా.

"నేనెందుకు ఊకోవాలె? నేనేమన్న తిట్టిన్నా? మెచ్చుకుంటున్న."

రేణుకమ్మ ఒక సాలు అవతలికి జరిగింది. మిగతావాళ్ళు కూడా మెల్లగా జరిగారు. ప్రేమలత ఒక మొగ్గ పట్టుకుని గోరు ఆనించింది. కాడ కూడా తెగి చేతిలోకి వచ్చింది. మనీషా అది చూసి, ఆ కొమ్మ మీది ఇంకో మొగ్గను ఎలా పట్టుకోవాలో చేసి చూపించింది.

"మనీషా, నేను నీకు ముందుగాల ఒక్కదానికే చూపియ్యాల్సింది. అందరి ముందట పెట్టిన. తప్పయింది."

"చదివినందుకు ఏం కాలే మేడం." ఆ అమ్మాయి ఇంకో మొగ్గ ఒలిచింది. "అక్కను తెచ్చిన నాడు మా అమ్మ నన్ను చూడనియ్యలే. మొహం దాకా గుడ్డ కప్పి తెచ్చిన్రు. నేను ఏడ్సి గోల చేసిన, ఒక్కసారి చూపియ్యుండ్రి అని. మా అమ్మ నన్ను ఇంట్ల వెట్టి గొళ్ళెం వెట్టింది. యాడాది సంది నేను చూడలే." ఎర్ర కాగితం గుచ్చింది. "శనివారం చూసిన."

ప్రేమలత చేతులు ఒళ్ళోకి వచ్చాయి.

"బడికి వస్తే అందరు నా దిక్కే చూస్తరు మేడం. నిజంగ గట్లనే అయిందా అని అడుగుతున్రు. నాకేం తెల్సు? మీరు రాసిందే నాకు తెల్సు ఇప్పుడు."

దేవమ్మ లేచి నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది. ఈసారి ఎగతాళి లేదు గొంతులో. "మీ సారు దవాఖానల పడి ఉన్నడు గద పాపం, ఆఖరుకు. ఆ సారును గూడ గట్ల రాస్తవా టీచరమ్మా?"

భర్త గణేష్ పోయి ఎనిమిది నెలలు. చివరి వారం ఆయన ఎలా ఉన్నాడో ప్రేమలత అత్తగారికి కూడా చెప్పలేదు. అడిగినవాళ్ళందరికీ, నిద్రలో పోయిండు, అనే చెప్పింది. ఆ గదిలో చూసినదాన్ని ఎవరి కంటికీ అందనివ్వలేదు. తెలిసినవాళ్ళ కళ్ళలో ఆయన ఉప్పునుంతల బస్టాండ్ దగ్గర స్కూటర్ కిక్కు కొడుతూ బండిని తిట్టుకునే మనిషిగానే ఉండాలని.

"రాయను దేవమ్మా," అంది.

దేవమ్మ తలూపింది. మళ్ళీ వంగింది. పొద్దు వాలేదాకా ముగ్గురూ ఆ సాలులోనే ఉన్నారు. ప్రేమలత ఒలిచిన మొగ్గల్లో సగమే నిలిచాయి. స్వరూప గురించి అడిగింది. మనీషా ముందు ఒక్క మాటతో తప్పించుకుంది. తరువాత పని చేతుల్లో పడ్డాక మాటలు వాటంతట అవే వచ్చాయి. స్వరూప భీమయ్య నడకను అచ్చం నడిచి చూపించేదట. పత్తి ఆకును మడిచి మీసంలా పెట్టుకుని, "ఏయ్, సాలు సగం కాలే, అప్పుడే నీళ్ళా?" అనేదట. ఒకరోజు నిజం భీమయ్య వెనకనే నిలబడి ఉన్నాడట. తెలిసి కూడా ఆపలేదట.

"నన్ను బడి మాన్పిస్తే కాళ్ళిరగ్గొడ్త అన్నది అక్క, మా అమ్మను," అంది మనీషా. "అమ్మనే మేడం! అమ్మ కాళ్ళిరగ్గొడ్తదంట!"

అవతలి సాలులో రేణుకమ్మ నవ్వింది. దేవమ్మ కూడా నవ్వి, మొహం గుడ్డ పైకి లాక్కుంది.

మంగళవారం పొద్దున బస్సులోంచే ప్రేమలత ఫోన్ చేసింది. "సార్, ఆ సగం పేజీ తీసేస్తున్న."

"అయ్యో మేడం, జోక్ చేస్తుండ్రా? గది తీస్తే కథల ఏముంటది? చదివేటోన్ని కుదిపెయ్యాలె గద."

"కుదిపినం సార్. మూడో బెంచీల కూసున్న పిల్ల బడి ఇడిసిపెట్టింది."

"ఒక్కరి కోసం..."

"ఆమెకంటె ముందు ఎవరి కోసం రాసిన సార్ నేను? మీరు ఆ జాగ ఉంచుండ్రి. రేపటిదాక టైమున్నది."

సగం పేజీని అడ్డంగా కొట్టేసి, ఖాళీ పీరియడ్‌లో వేరే రాసింది. ఆకు మీసం పెట్టుకున్న గౌరి వచ్చింది. వెనక, పేరు మార్చిన భీమయ్య, భీమప్పగా నిలబడ్డాడు. సాయంత్రం గౌరి ట్రాక్టర్ ఎక్కి, కొంగు గాలికి ఎగురుతుంటే చెయ్యూపింది. తరువాతి వరుసలో ఇంటి గోడకు గౌరి అద్దం, దాని మీద దుమ్ము. మధ్యలో ఏమీ లేదు. చదువుకుంటే బాగుందనిపించింది. ఎవరికీ చూపించకుండా సాయంత్రం వరకు ఆగి, దేవమ్మ ఇంటికి పోయింది.

దేవమ్మ గడప ముందర కూర్చుని చింతపండుతో వేళ్ళ మరకలు రుద్దుకుంటోంది. మనీషా మొదట లోపల ఒక్కతే చదువుకుంది. తలుపు సందులోంచి ఒకసారి నవ్వు వినిపించింది. బయటికి వచ్చి, "అమ్మకు చదవనా మేడం?" అని తనే అడిగింది.

దేవమ్మ వింది. మీసం దగ్గర, "ముండకు భయమే లేకుండె," అంది. కొంగు దగ్గర రుద్దడం ఆపింది. అద్దం దగ్గర మళ్ళీ మొదలుపెట్టింది.

"అయిపోయిందా?"

"గంతే అమ్మా."

"మంచిగున్నది. ఎవ్వలకు నొప్పి కాదు." చెంబులో నీళ్ళు వేళ్ళ మీద పోసుకుంది. "భీమయ్యకు గూడ కాదు."

ప్రేమలతకు వెంటనే అర్థం కాలేదు. తరువాత మొహం వేడెక్కింది. మొదట రాసిన దాంట్లో లారీ వేగంగా వచ్చింది, ట్రాక్టర్ బోల్తా పడింది, అంతే. ఆ లారీ కూడా ఇప్పుడు లేదు. నెత్తురుతో పాటు అన్నీ తుడిచేసింది.

"చెప్పు దేవమ్మా."

"ఏం జెప్పాలె? ఆటో నిండింది. ఇంక వద్దు, వేరే బండి తెప్పియ్యి అన్నరు మావోళ్ళు. భీమయ్య నిలవడి, జరుగుండ్రి జరుగుండ్రి, ఇంకొకళ్ళు పడ్తరు అని ఒక్కొక్కరి భుజం నూకిండు. నా బిడ్డ అంచుకు కూసున్నది. లారీ ఏం చేస్తది, గాలి తగిలినా పడేటట్టున్నరు. పోలీసులకు డ్రైవర్ తాగిండు అని జెప్పిండు. ఆ డ్రైవర్ తాగనే తాగడు." చేతులు కొంగుకు తుడుచుకుంది. "తెల్లారి మళ్ళ వచ్చిండు."

"ఎవరు?"

"భీమయ్య. బిడ్డ ఇంక దవాఖానలనే ఉన్నది, కోసి ఇయ్యాలె గద. వాకిట్ల మందంత ఉన్నరు. దూరంగ బండి ఆపి, రేణుకమ్మను పిలిచి జెప్తుండు. నిన్న గిల్లిన మొగ్గలున్నయ్ అక్కా, ఇయ్యాల పుప్పొడి కలపకుంటే అన్ని ఎండిపోతయ్, పువ్వు ఆగదు గద అని. జర తొందరగ రమ్మని."

"పోయిన్రా?"

"పోయిన్రు. నేను గూడ పోయిన."

మనీషా తల తిప్పి తల్లిని చూసింది. ఆ అమ్మాయికి ఈ సంగతి తెలియదు.

"దవాఖాన కాడికి ఆడోళ్ళు వద్దన్నరు. ఇంట్ల కూసుంటే అందరు నన్నే చూస్తున్రు. స్వరూప సాలు నాకు ఎరుకనే. ఆమె గిల్లినయ్, ఎర్ర కాగితం పెట్టినయ్. వేరేటోళ్ళ చేతులు ఎందుకు పెట్టాలె వాటిల అనుకున్న. పోయిన. సాలు మొదలు నుంచి కొస దాక నేనే కలిపిన. ఇంటికొచ్చేసరికి బండి వచ్చింది, బిడ్డను తీస్కొని."

ఇంట్లో ఎక్కడో గిన్నె మీద మూత కదిలింది. ప్రేమలత అడిగింది. "ఇది రాయనా?"

"రాయి. భీమయ్య పేరు మార్చకు."

"మార్చాలె దేవమ్మా. లేకుంటే నా మీద కేసేస్తడు."

"అయితే పేరు మార్చు," అంది దేవమ్మ. "మీసం మార్చకు."

బుధవారం పొద్దున, రాత్రి మళ్ళీ రాసిన కాగితం తీసుకుని ప్రేమలత చేను దగ్గరికి వచ్చేసరికి మనీషా యూనిఫాంలో గట్టు మీద ఉంది. జడలు గట్టిగా వేసుకుంది. సంచి భుజాన ఉంది.

"అమ్మకు ఇక్కడ్నే చదివి, మీతోనే బడికి వస్త మేడం. ఎవరన్న అడిగితే, మా మేడం బుక్కుల ఉన్నది, కొనుక్కొని చదువుకోండ్రి అంట."

ఆడవాళ్ళు మగ సాలులో పూలు తెంపి బుట్టలకు వేస్తున్నారు. దేవమ్మ ఒడిలో పూలతోనే గట్టు దగ్గరికి వచ్చింది. రేణుకమ్మ, ఇంకో ఇద్దరూ వెనకాలే వచ్చారు. దూరంగా భీమయ్య, "పొద్దెక్కుతున్నది," అని కేకేశాడు.

"ఎక్కనియ్యి," అంది రేణుకమ్మ.

మనీషా చదివింది. ట్రాక్టర్ పోయి ఆటో వచ్చింది. మీసమున్న మనిషి నిలబడి, జరుగుండ్రి, ఇంకొకళ్ళు పడ్తరు, అన్నాడు. గౌరి అంచున కూర్చుంది. ఆటో కదిలింది. తరువాతి వరుస తెల్లవారి మొదలైంది. వాకిట్లో మనుషులు, దూరంగా ఆగిన మోటార్‌సైకిల్, పువ్వు ఆగదు గద అక్కా అన్న మాట. రేణుకమ్మ తన పేరు లేకపోయినా తనను గుర్తుపట్టి గొంతు సవరించుకుంది. మనీషా చివరి వరుసలకు వచ్చింది.

"'తల్లి బిడ్డ సాలు దగ్గర నిలబడింది. ఎర్ర కాగితాలు వరుసగా ఉన్నాయి. ఆడవాళ్ళందరూ ఏడుస్తూ పని మొదలుపెట్టారు.'"

"ఆపు," అంది దేవమ్మ. "ఏడ్సుకుంట అని ఎవరు జెప్పిన్రు?"

ప్రేమలత ఆమె వైపు చూసింది.

"మేము ఏడ్వలే టీచరమ్మా." దేవమ్మ ఒడిలోంచి ఒక మగ పువ్వు తీసి రేకులు వెనక్కి విరిచింది. పుప్పొడి పచ్చగా వేలికి అంటింది. "దీనికి తడి తగిల్తే పనికిరాదు. పొడి చెడిపోతది, మొగ్గ పట్టది. వాన చినుకు పడ్డా పని బందు చేస్తం. గా దినం సాలుల ఒక్కరు ఏడ్వలే. ఏడ్పొచ్చినోళ్ళు గట్టు మీదికి వచ్చిన్రు. ఈడ కూసోని ఏడ్సి, మొహం తుడుసుకొని, చేతులు ఆరినంక మళ్ళ దిగిన్రు. నేను గూడ అట్లనే."

"పట్టినయా?" అని అడిగింది ప్రేమలత.

"ఒక్కటి రాలలే."

ప్రేమలత కలం తీసి, ఏడుస్తూ అన్న మాట కొట్టేసింది. పైన రాయడానికి వంగి, ఆగి, కలాన్ని మనీషాకు అందించింది.

"మీ అమ్మ జెప్పింది జెప్పినట్టు రాయి."

మనీషా సంచి మోకాళ్ళ మీద పెట్టుకుని, దాని మీద కాగితం పరిచింది. దేవమ్మ మళ్ళీ మొదటి నుంచి, ఒక్కొక్క మాట నిలిపి చెప్పసాగింది. గాలి లేచింది. రాసేచోట కాగితం ఎగరకుండా ప్రేమలత రెండు కొసలూ చేతులతో అదిమి పట్టుకుంది.